గిద్యోను పేరు మీద వచ్చిన జబ్బు

మా వంశంలో ఎవరికీ జబ్బుల్లేవు. ప్రమాదాలే ఉన్నాయి.

మా తాత నిచ్చెన మీద నుంచి పడ్డాడు. అటక మీది పలకల పెట్టె దించబోయి, కింది నుంచి రెండో మెట్టు మీద కాలు జారాడు. ఆ రెండో మెట్టు దెబ్బకు ముందు ఎడమకాలు పడిపోయింది, ఆర్నెల్లకు కుడికాలు, ఏడాదికి చేతులు, ఆ తర్వాత మాట, మూడో ఏట ఊపిరి. మా పెదనాయన తర్లుపాడు రోడ్డులో స్కూటరు మీద నుంచి పడ్డాడు. స్కూటరుకు గీత కూడా పడలేదు. ఆయన మాత్రం తాత పోయిన వరసలోనే, కాలు, కాలు, చేతులు, మాట అనుకుంటూ మూడేళ్ళలో పోయాడు. మా మేనత్త బాలింతగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తాగింది. ఆ చన్నీళ్ళు ఇరవై నాలుగేళ్ళు ఆగి, కొడుక్కు పెళ్ళయ్యాక పనిచేశాయి.

ఇట్లా ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉండటం మా ఇంటికి గౌరవం. వంశంలో జబ్బుందని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్ళుండరు. ప్రమాదాలకు ఎవరూ ఏమీ అనరు. కాస్త చూసుకుని నడవొచ్చు కదా అంటారు, అంతే.

మా నాయన దశరథరామయ్యకు యాభై నాలుగో ఏట ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. నడుస్తుంటే చెప్పు వెనక ఉండిపోయేది, ఆయన ముందుకు పోయేవాడు. మొదట చెప్పులు మార్చాం. తర్వాత చెప్పుల దుకాణం మార్చాం. ఆ తర్వాత వాస్తు చూసే ఆయన వచ్చి మా దుకాణం మెట్లు తూర్పుకు తిప్పమన్నాడు. తిప్పాం. నాయన తూర్పు మెట్ల మీద కూడా పడ్డాడు. అప్పుడు మా అమ్మ సుబ్బలక్ష్మమ్మ బజారుకంతా డిస్కు అని ప్రకటించింది. మార్కాపురంలో డిస్కు మర్యాదగల జబ్బు. బ్యాంకు మేనేజర్లకు, లెక్చరర్లకు వస్తుంది. కుర్చీలో కూర్చుని బతికేవాళ్ళకు తప్ప రాదని దానికి పేరు.

మాది గుడి బజారులో స్టేషనరీ, జిరాక్సు దుకాణం. తాత కాలంలో పిల్లల పలకలు అమ్మేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు పలకలు పట్టడం లేదు గనక, అదే రాయిని గోడలకు అంటించుకునే టైల్సుగా వెనక గోడౌన్లో పెట్టి అమ్ముతున్నాం. నా పేరు అభిలాష్. పెద్దవాణ్ణి, ముప్పై ఒకటి. తమ్ముడు కేశవకు ఇరవై ఏడు. నాకు వర్షిణితో పెళ్ళయి రెండేళ్ళు. కేశవకు గిద్దలూరు సంబంధం ఒకటి మాటల్లో ఉండేది. గిద్దలూరువాళ్ళు మా గురించి ఒక మధ్యమనిషి చేత వాకబు చేయిస్తున్నారని మాకు బాగా తెలుసు. మేము వాళ్ళ గురించి వాకబు చేయిస్తున్నదీ ఆ మనిషి చేతనే.

డిస్కు ఎంతకీ తగ్గకపోతే, పోయిన చలికాలంలో నాయనను హైదరాబాదు తీసుకుపోయాం. పెద్ద డాక్టరు దగ్గరకు పోతున్నాం గనక అందరం పెళ్ళి బట్టలు వేసుకున్నాం. అమ్మ పులిహోర కట్టింది. డాక్టరు ఆడమనిషి. నాయన కాళ్ళూ చేతులూ అరగంట చూసి, నాలుక చాపించి చూసి, చివరికి అమ్మ వైపు తిరిగింది.

"ఇది డిస్కు కాదమ్మా. కండరాలను కదిలించే నరాలు ఎండిపోతున్నాయి. మోటార్ న్యూరాన్ జబ్బంటారు. చాలామందికి ఎందుకొస్తుందో చెప్పలేం. కొందరికి వంశంలో వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా?"

"లేదమ్మా," అంది అమ్మ. "మా మామగారు నిచ్చెన మీద నుంచి పడినాడు. మా బావగారు స్కూటరు. మా ఆడబిడ్డ చన్నీళ్ళు."

డాక్టరు అమ్మను చూసి రక్తపరీక్ష రాసింది.

నెల తర్వాత ఆ రిపోర్టు కోసం మళ్ళీ పోయాం. నాయన జన్యువుల్లో ఒక దాంట్లో ఒకే ఒక్క అక్షరం తప్పు పడిందని చెప్పింది. ఆ ఒక్క అక్షరం వల్ల తయారయ్యే సరుకు నరాల్లో ముద్దకట్టి వాటిని చంపుతుందట. నాయనకు అర్థమైంది. ఆయన జిరాక్సు భాషలో ఆలోచిస్తాడు.

"ఒరిజినల్‌లో మచ్చుంటే జిరాక్సులన్నిట్లో పడతది. అంతేనా అమ్మా?"

"అన్నిట్లో పడదు. మీ దగ్గర రెండు ఒరిజినల్స్ ఉన్నాయి, ఒకటి మీ నాన్నది, ఒకటి మీ అమ్మది. ఒకదాంట్లో మచ్చుంది, ఒకటి శుభ్రం. బిడ్డ పుట్టేటప్పుడు చూడకుండా ఏదో ఒకటి పెట్టి తీస్తారు. అందుకని ఒక్కో బిడ్డకు సగం అవకాశం."

"సగం జబ్బు వస్తాదా?" అంది అమ్మ, కొంచెం ఆశగా.

"లేదమ్మా. వస్తే నిండుగా వస్తుంది. లేకపోతే లేదు."

అమ్మ గొంతు తగ్గించింది. "కాగితంలో డిస్కని రాసేదానికి కుదరదా తల్లీ? పెళ్ళి కావాల్సిన పిల్లోడున్నాడు."

డాక్టరు కుదరదంది. మా ఇద్దరన్నదమ్ముల్ని చూస్తూ, పరీక్ష చేయించుకోవాలనుకుంటే తొందరపడొద్దని చెప్పింది. ముందు రెండుమూడుసార్లు వచ్చి మాట్లాడాలి. ఈ రకానికి వెన్నులోకి ఎక్కించే మందొకటి విదేశాల్లో వచ్చింది, కొంత నిదానం చేస్తుందేమో, మనకు అందడం కష్టం. బాగుచేసే మందైతే లేదు. "తెలుసుకుని ఏం చేస్తారో ముందే అనుకుని రండి," అంది. ఆ మాట మూడుసార్లు అడిగింది. మేం మూడుసార్లూ అట్లాగే మేడం అన్నాం. అట్లాగే అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదని మాకు తట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నాయన లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. మాచర్ల దాటాక అన్నాడు. "ఇద్దరు కొడుకులు. సగం. అంటే ఒకడికి ఉంటది, ఒకడికి ఉండదు."

"అట్ల కాదు నాయనా," అన్నాడు కేశవ. "బొమ్మా బొరుసూ వేసినట్ల. ఇద్దరికీ పడొచ్చు, ఇద్దరికీ పడకపోనూవచ్చు."

"నలభై ఏండ్లు వ్యాపారం చేసినా. ఇద్దర్లో సగమెంతో నాకు చెప్పొద్దు."

ఆ తర్వాత రెండు నెలలకు వర్షిణికి నెల తప్పింది. ఇంట్లో అందరూ సంతోషించారు. సంతోషిస్తూనే అందరూ నా కాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టారు. నాయన ఆగలేకపోయాడు. మనవడు వచ్చేలోగా తెలియాలన్నాడు, కేశవ సంబంధం ఖాయమయ్యేలోగా తెలియాలన్నాడు. హైదరాబాదు పోతే ఆ డాక్టరమ్మ మాట్లాడుతుంది. మార్కాపురంలో ఇస్తే బజారంతా మాట్లాడుతుంది. గిద్దలూరులో సంబంధంవాళ్ళున్నారు. కాబట్టి కంభంలో ఎవరికీ తెలియని ఒక ల్యాబు వెతికాడు. అక్కడ రక్తం తీసి పెద్ద ఊరికి పంపుతారు.

అప్పటికి నాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, సంతకం మెల్లగా పెట్టగలడు. కారు కేశవ నడిపాడు. ల్యాబులో ఫెబీ అనే అమ్మాయి ఉంది. ఇట్లాంటి పరీక్షకు ఆధార్ కాపీ తప్పనిసరి అంది. నాయన జేబులోంచి రెండు జిరాక్సులు తీసి బల్ల మీద పెట్టాడు. అవి మావి కావు. గిద్యోనువీ ఏలీయావీ.

గిద్యోను, ఏలీయా మా గోడౌన్లో టైల్స్ ఎత్తి దించే హమాలీలు. రాచర్ల మండలంలో ఒక పల్లె నుంచి వస్తారు. ఆధార్ జిరాక్సు ఎవరికి కావాల్సినా మా దుకాణంలోనే తీస్తారు గనక, మసకగా పడ్డ కాపీలు మా డ్రాయరులో ఉండిపోతాయి. ఆ తాలూకా జనాభాలో సగంమంది మా డ్రాయరులో ఉన్నారు.

"వాళ్ళ పేర్లెందుకు నాయనా?" అన్నాను చెవిలో.

"వాళ్ళ పేర్లకేమైతది రా. పెండ్లిండ్లయినాయి, పిల్లోళ్ళున్నారు. వాళ్ళకింక సంబంధాలు చూసేదుందా?"

ఆ తర్కం నాకప్పుడు బాగానే అనిపించింది. అది కూడా చెప్పుకోవాలి.

రిపోర్టుకు ఆరు వారాలన్నారు. ఏడో వారం గడిచినా నాయన రాలేదనే అన్నాడు. ఈలోగా ఆయనకు కర్ర చాల్లేదు, చక్రాల కుర్చీ తెచ్చాం. నాలుక మందమై మాటలు మెత్తగా వచ్చేవి. ఊరికి మాత్రం డిస్కు కొంచెం పైకి పాకింది అని చెప్పాం. అదే రోజుల్లో గిద్యోను పనికి రావడం మానేశాడు. పది రోజులు చూశాం. "తాగి పడినుంటాడు," అంది అమ్మ. గిద్యోను తాగడు. వాళ్ళ చర్చిలో పాటలు పాడేది అతనే. అయినా హమాలీ పది రోజులు రాకపోతే మా ఇంట్లో ఉన్న కారణం అదొక్కటే.

పదకొండో రోజు పొద్దున గిద్యోను, అతని భార్య మణెమ్మ ఆటోలో మా ఇంటికే వచ్చారు. నాయన వరండాలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. మణెమ్మ మెట్ల కింద నిలబడింది. చేతిలో తెల్ల కవరు. గిద్యోను ఆమె వెనక, ఎప్పుడూ ఏదో ఒకటి మోసే మనిషి చేతుల్లో ఏమీ లేక ఇబ్బందిపడుతున్నాడు.

"దండాలు శెట్టన్నా," అంది. "నిన్ను చూసే డాక్టరు ఎవరో చెప్తే, ఈ మనిషిని గూడ ఆడికే తీస్కపోతా."

"ఏమైంది?" అన్నాడు నాయన.

"నీకొచ్చిందే అన్నా."

"నాకు డిస్కు."

"ఆ డిస్కే. మా ఆయనకు గూడ ఆ డిస్కే వచ్చిందంట."

కవరు చూపించింది. అప్పుడు నాకు అర్థమైంది. ల్యాబువాళ్ళు రిపోర్టు నాయన ఫోనుకు పంపారు. అసలు కాగితాన్ని పద్ధతిగా ఆధార్‌లో ఉన్న అడ్రసుకు పోస్టు చేశారు. ఆధార్‌లో ఉన్నది గిద్యోను ఇల్లు.

"మా చెల్లెలి కూతురు గ్రేసు ఒంగోల్లో నర్సింగు చదువుతాంది," అంది మణెమ్మ. "ఆ పిల్ల చదివి ఏడ్చింది. ఏందే అంటే, మీ శెట్టికుందే, అది పెద్దమ్మా అనింది. శెట్టికి డిస్కు గదే అంటే, కాదు, ఊరందరికీ తెలుసు అనింది."

అమ్మ కొంగు సర్దుకుంది. రెండేళ్ళుగా ఆమె ఒక్కొక్కరికీ విడివిడిగా, ఓపికగా చెప్పుకొచ్చిన డిస్కు అది.

"నాకేం లేదన్నా," అన్నాడు గిద్యోను. "బానే ఉన్న్యా. ఆ కాగితం వచ్చిన కాడ్నించే కాళ్ళు తిమ్మిర్లు."

"నువ్వు గమ్మునుండు. బస్తా ముట్టుకోనీలేదన్నా నేను. రక్తం ఎప్పుడిచ్చినావు అంటే ఇయ్యలేదంటాడు. నాకు తెలిస్తే ఏడుస్తానని దాచిపెట్టి పోయి ఇచ్చొచ్చినాడు అనుకున్న్యా. పాస్టరయ్య నూనె రాసి ప్రార్థన చేసినాడు. రెండు శుక్రవారాల నుంచి సంఘమంతా ఉపవాసముంటాంది. ముసిలోళ్ళు గూడ." కవరు రెండు చేతుల్తో పట్టుకుంది. "ఇదొక్కటైతే మోద్దుము. బిడ్డలకు గూడ వస్తాదంట గద. సగం సగం అంట. మాకు ముగ్గురన్నా. ముగ్గుర్లో సగం ఎట్ల?"

నాయన నలభై ఏళ్ళ వ్యాపారంలో దానికి లెక్క లేదు. కుర్చీ చేతుల మీద ఆయన వేళ్ళు వాటంతటవే అదురుతున్నాయి. అది జబ్బు వల్ల ఎప్పుడూ ఉండేదే. ఆ రోజు మాత్రం ఎవరూ జబ్బు అనుకోలేదు.

"మణెమ్మా," అన్నాడు. "అది నీ మొగుని రక్తం కాదు."

"ఏందన్నా?"

రెండోసారి కేశవ చెప్పాడు. నాయన మాట అర్థం కాలేదేమో అన్నట్టు నెమ్మదిగా, అన్నీ చెప్పాడు. కంభం, ల్యాబు, డ్రాయరు, జిరాక్సులు. మణెమ్మ మెట్టు మీద కూలబడి విన్నది. గిద్యోను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"జబ్బు పెట్టుకునేదానికి మా పేర్లే దొరికినాయా మీకు?" అంది చివరికి. గట్టిగా కూడా అనలేదు. "పేరు గావాలంటే ఏ రాముడిదో కృష్ణుడిదో పెట్టుకోకపోయినారు? ఏలీయా ఇంటికి మంచి కాగితమొచ్చె, మాకు చెడ్డదొచ్చె. పంచేది గూడ మీరే పంచినారు. మా చిన్నది వారం నుంచి వాళ్ళ నాయన పక్కనే పండుకుంటాంది, తెలుసునా?"

నాయన తల వంచుకోవాలనుకున్నాడేమో. ఆ మెడ వంగితే మళ్ళీ లేవడం కష్టమని డాక్టరు పట్టీ వేసింది. అందుకని నేరుగా ఆమెనే చూస్తూ ఉండాల్సి వచ్చింది.

"మరి ఎవురిదన్నా ఆ రక్తం?" అంది మణెమ్మ.

ఆమె నన్ను చూసింది, కేశవను చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ వర్షిణిని చూసింది. నాలుగో నెల అంతగా కనపడదు. అయినా ముగ్గురు బిడ్డల తల్లికి చెప్పనక్కర్లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కవరు మడిచి మెట్టు మీద పెట్టి, "పా," అంది గిద్యోనుతో. గిద్యోను పోతూ పోతూ, రేపు పనికొస్తానన్నాడు. అంత మంచితనం ఆ సమయంలో మాకు అవసరం లేదు. వాళ్ళు గేటు దాటి మలుపు తిరిగే దాకా ఆమె నిశ్శబ్దంగానే నడిచింది. మలుపు తిరిగాక స్తోత్రం, స్తోత్రం అనుకుంటూ పెద్దగా ఏడ్చిన ఏడుపు మా వరండాలోకి బాగా వినపడింది. అది సంతోషంతో ఏడ్చే ఏడుపు. మా ఇంట్లోంచి పోయిన సంతోషమే.

"అంటే రిపోర్టు వచ్చిందా?" అంది అమ్మ.

"వచ్చి పద్దెనిమిది దినాలాయె," అన్నాడు నాయన.

"చెప్పలా నాకు."

"చెప్తే ఏం చేస్తావు?"

కేశవ కవరు తీసి చదివాడు. గిద్యోను పేరు మీదున్న రక్తంలో ఆ అక్షరం తప్పు ఉంది. నాయన ఫోను తీసి రెండో కాగితం చూశాడు. ఏలీయా పేరు మీదున్న రక్తం శుభ్రం. ఇద్దర్లో సగం నాయన చెప్పినట్టే ఒకడయ్యాడు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పు పోదు.

"మాలో గిద్యోను ఎవరు నాయనా?" అన్నాను. ల్యాబులో ఆ పిల్ల మమ్మల్ని పేర్లతో పిలవలేదు. కాగితాలన్నీ నాయన చేతిలోనే ఉన్నాయి.

నాయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. "గిద్యోను కాగితం పైనుండె. ముందు కూర్చున్నోడు గిద్యోను."

"నేనే ముందు కూర్చునింది," అన్నాడు కేశవ. బళ్ళో హాజరు పలికినట్టు, వెంటనే.

ఆ రోజు నాకు చక్కగా గుర్తుంది. ఎవరొస్తారు ముందు అని ఫెబీ అడిగింది. కేశవ నా వైపు చూశాడు. నేను పోయి కూర్చున్నాను. ఆకుపచ్చ రబ్బరు పట్టీ చేతికి కట్టింది, అది చేతి వెంట్రుకలు పట్టుకుని లాగింది. "అటు చూడొద్దన్నా," అన్నాడు కేశవ. వాడు కూర్చున్నప్పుడు నేను బయట నిలబడి గోలీసోడా తాగుతున్నాను. ఇందులో మర్చిపోవడానికి ఏమీ లేదు. నాయన గుమ్మం పక్కనే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు అంతకంటే బాగా గుర్తుండాలి.

నేను నోరు తెరిచాను. వెనక వర్షిణి ఉంది.

అమ్మ ఊపిరి వదిలింది. ఒక్క క్షణమే. అది నేను విన్నాను, కేశవ విన్నాడు, అమ్మ కూడా విన్నది. వెంటనే ఆ ఒక్క క్షణానికి సరిపడా కేశవను పట్టుకుని ఏడ్చింది. "నా చిన్నోడా" అని ఏడ్చింది. నాయన క్యాలెండరు మీద నుంచి చూపు తీయలేదు. నేను నోరు మూసుకున్నాను. ఒక కారణం చెప్పగానే నమ్మడం మా ఇంట్లో అందరికీ చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. వాడు చెప్పాడు, మేం నమ్మాం.

ఆ సాయంత్రమే కేశవ, గిద్దలూరు సంబంధం చూస్తున్న ఆ మధ్యమనిషికి ఫోన్ చేశాడు. స్పీకరు మీద పెట్టాడు, అమ్మ వినాలని.

"చిన్నాయనా, జాతకాల్లో ఏదో దోషమంట. మా వైపే. వాళ్ళకు ఏమనుకోవద్దని చెప్పు."

"వాళ్ళూ అదే అన్నార్రా అబ్బయ్యా," అన్నాడాయన. "పోయిన వారమే. మీకెట్ల చెప్పాల్నా అని ఆలోచన చేస్తన్నా. జాతకాలేనంట. మీ వైపే."

కేశవ కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు, స్పీకరు మీదున్న సంగతి మర్చిపోయి. తర్వాత నవ్వాడు. వాడు త్యాగం చేయడానికి పోయేసరికే ఊరు వాడి కోసం ఆ పని చేసిపెట్టింది.

మర్నాడు పొద్దున నేను దుకాణానికి తయారవుతుంటే వర్షిణి మంచం మీద కూర్చుని నా చొక్కాకు గుండీ కుడుతోంది.

"మీరే గదా," అంది.

"ఏంది?"

"ముందు కూర్చున్నది."

"గుర్తు లేదు."

"ఈ ఇంట్లో రెండేండ్ల నుంచి మీరు తినకుండా కేశవ దోసె గూడ తినలే. రక్తం మాత్రం ముందు ఇస్తాడా?" దారం పళ్ళతో తెంపింది. "అత్తకు తెలుసు. మామకు తెలుసు. ఆ పిల్లోడు పాపం, మన కోసం అబద్ధం చెప్పి, అందరూ నమ్మినట్టు చేస్తుంటే, రాత్రి అన్నం తినలా."

నేను చొక్కా తీసుకున్నాను. వేసుకోలేదు.

"మళ్ళీ హైదరాబాదు పోదాం," అన్నాను. "మన పేర్లతోనే ఇద్దాం. ఒకవేళ ఆ పిల్ల సీసాలు తారుమారు చేసుండొచ్చు."

"పోదాం. ఇచ్చినాక?"

"ఇచ్చినాక తెలుస్తది."

"మీకింక సగం కాదు. సగం లోపలున్న దానికి." చెయ్యి కడుపు మీద పెట్టుకోలేదు, సూది పెట్టెలో పెట్టింది. "దానికి గూడ ఇప్పుడే చూడొచ్చంట, ఉమ్మనీళ్ళు తీసి. నేను ఫోన్లో చదివినా. చూస్తే, ఉందంటే, ఏం చేద్దాం? యాభై ఏండ్లకు వస్తాదని ఇప్పుడే వద్దందామా? ఉందని తెలిసి కని, దానికెప్పుడు చెప్దాం, పదో తరగతి అయినాకనా? మీరు చెప్పండి. మీరేదంటే అది."

పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంట్లో నేనేదంటే అదే. కూర ఏం చేయాలో, ఏ సీరియల్ పెట్టాలో, కారు ఏ రంగు కొనాలో నన్నే అడిగేవాళ్ళు. అన్నిటికీ నాకో అభిప్రాయం ఉండేది. వర్షిణి నా మొహం చూస్తూ కూర్చుంది. నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాక చూస్తే ఒక గుండీ ఎక్కువొచ్చింది, మొదట్లోనే తప్పు పెట్టాను. మళ్ళీ విప్పాను.

వర్షిణి నా వేళ్ళనే చూస్తోంది.

"గుండీ మామూలుగా తప్పు పెట్టినారా?" అంది.

"మామూలుగానే."

"మీ నాయనకు ఏ కాలు ముందు?"

"ఎడమ."

"మీ తాతకు?"

"ఎడమే."

"బయటికి రాండి," అంది.

వరండా మెట్ల మీద కూర్చుంది. మా మెట్ల నుంచి గేటుకు పదిహేడు అడుగులు. అంతకుముందు నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. నడవమంది. నడిచాను. ఒకరు చూస్తుంటే నడవడం ఎంత కష్టమో అప్పటిదాకా తెలియలేదు. ఏ కాలు ముందు పెట్టాలో ఆలోచించాల్సి వచ్చింది. పోయి వచ్చాను.

"మళ్ళీ. చెప్పులేసుకుని."

చెప్పులేసుకుని నడిచాను. రెండు చెప్పులూ నాతోనే వచ్చాయి. నాయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు, ఆయన కళ్ళు మాత్రం బాగా కదులుతాయి, గేటు దాకా వచ్చి మళ్ళీ మెట్ల దాకా పోతున్నాయి. కేశవ పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చాడు. నోరు కడుక్కుని, చెప్పులేసుకుని, వచ్చి నా పక్కన నడవడం మొదలుపెట్టాడు. ఎందుకొచ్చావురా అన్నాను. "నాదే గద జబ్బు," అన్నాడు మెల్లగా. "నేన్నడవకపోతే బాగుండదు."

ఇద్దరం పోయి వస్తున్నాం. మూడోసారో నాలుగోసారో పక్కింటి ఆదిలక్ష్మమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఏంది సుబ్బలక్ష్మీ, పిల్లోళ్ళు ఇంట్లోనే పరేడు చేస్తన్నారు?"

"షుగరు రాకుండా వదినా," అంది అమ్మ, బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే. "ఇప్పట్నించే నడిస్తే మంచిదన్నారు."

"మంచిదే, మంచిదే. ఎన్ని రౌండ్లు?"

అమ్మ చేట ఆపింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. వర్షిణి వైపు చూసింది. వర్షిణి ఆదిలక్ష్మమ్మ వైపు చూడలేదు. గడ్డం చేతిలో పెట్టుకుని, మా నాలుగు కాళ్ళలో ఒక్క కాలినే చూస్తోంది.

"ఇంకా చూడాల పెద్దమ్మా," అంది.

మేం గేటు దగ్గర వెనక్కి తిరిగాం.